మెరుగు కథ: దూరదర్శిని అద్దం నుంచి మోటారు కారు దాకా

కొన్నేళ్ళు వాడిన మోటారు కారును శుభ్రంగా కడిగి ఎండలో నిలిపితే, దాని బానెట్టు మీద సూర్యబింబం చుట్టూ సాలెగూడు వంటి సన్నని గీతలు కనిపిస్తాయి. విద్యుత్తుతో తిరిగే చిన్న పాలిష్ యంత్రానికి స్పాంజి బిళ్ళ తగిలించి, దాని మీద కొద్దిగా పాలిష్ ముద్ద వేసి, ఆ చోట కొన్ని నిమిషాలు నడిపితే గీతలు మాయమై లోహపు రేకు అద్దంవలె మెరుస్తుంది. ఈ పనిని ఇంటి వద్ద స్వయంగా నేర్చుకొంటున్నవారు నేడు పలు దేశాలలో ఉన్నారు.

అయితే మాయమైన గీతలు ఏమైనట్లు? అవి పూడిపోయినవా? రాపిడి వేడికి రంగు కరిగి వాటిని కప్పివేసినదా? లేక గీతలతోబాటు వాటి చుట్టూ ఉన్న రంగు కూడ అరిగిపోయినదా? చూడడానికి ఇది చిన్న ప్రశ్న. కాని దీనికి సరియైన జవాబు దొరకడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు 250 ఏళ్ళు పట్టింది. ఆ జవాబు తెలియకుండా యంత్రం చేతబట్టినవాడు తన కారు పైపొరను తానే హరించుకొంటాడు.

నునుపునకు కొలబద్ద

సంపూర్ణంగా నునుపైన తలమంటూ ఏదీ లేదు. కంటికి అద్దంవలె కనిపించే తలం కూడ సూక్ష్మదర్శినిలో కొండలు, లోయలుగా కనిపిస్తుంది. మరి నునుపు, గరుకు అనే భేదాన్ని నిర్ణయించేది ఏది? కాంతి తరంగమే. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల వరకు ఉంటుంది. తలం మీది ఎగుడుదిగుడులు దీనికంటె బాగా చిన్నవైతే కాంతి క్రమంగా పరావర్తనం చెంది ప్రతిబింబం ఏర్పడుతుంది. అంతకంటె పెద్దవైతే కాంతి నలుదిక్కులకు చెదరి తలం వెలవెలబోతుంది.

ఈ విషయాన్ని లెక్కకు తెచ్చినవారిలో ముఖ్యుడు ఆంగ్ల భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ. కాంతి ఏటవాలుగా పడేకొద్దీ గరుకు తలం కూడ నునుపైనదానివలె ప్రవర్తిస్తుందని ఆయన వివరించాడు. దీనిని తరగతిలోనే చూడవచ్చును. గరుకు గాజుపలకను కంటి మట్టానికి ఎత్తి, దాని ఆవలి అంచు వద్ద దీపాన్ని ఉంచి, దాదాపు పలక వెంబడిగా చూస్తే దీపపు ప్రతిబింబం లీలగా కనిపిస్తుంది. పలకను పైకి వంచగానే అది అదృశ్యమవుతుంది.

కారు మీది గీతలు వలయాలుగా కనిపించడానికి కూడ కారణం కాంతియే. నిజానికి ఆ గీతలు వలయాలు కావు. గుడ్డతో తుడిచినప్పుడు, కడిగినప్పుడు మట్టిరేణువులు అన్ని దిక్కులలోను గీసిన గీతలే. వాటిలో కాంతి వచ్చే దారికి అడ్డంగా ఉన్నవి మాత్రమే కాంతిని మన కంటికి పంపుతాయి, మిగిలినవి పంపవు. అందువలన ప్రతి దీపం చుట్టూ వలయాలు ఉన్నట్లు తోస్తుంది. చాలకాలం తోమిన స్టీలు పళ్ళెం మీద టార్చి వెలుగు పడనిచ్చి దీపాన్ని కదిపితే, వలయాలు కూడ దీపంతోబాటు కదులుతాయి. గీతలు కదలవు గనుక, వలయాలు కేవలం చూపు వలన కలిగినవని తేలుతుంది.

న్యూటన్ చెప్పిన సమాధానం

మెరుగు విషయమై శాస్త్రీయంగా ఆలోచించిన తొలివారిలో ఐజాక్ న్యూటన్ ఒకడు. ఆయనకు ఇది పుస్తకాల ప్రశ్న కాదు. 1668లో ఆయన తన మొదటి పరావర్తక దూరదర్శినిని నిర్మించినప్పుడు, రాగి, తగరం మొదలైనవి కలిపి పోతపోసిన కంచు వంటి లోహపు అద్దాన్ని తన చేతులతోనే అరగదీసి మెరుగు పెట్టాడు. గుడ్డకు బదులు పిచ్ అనే గట్టి కీలు పూసిన ఒత్తును, దాని మీద తగరపు భస్మాన్ని ఉపయోగించాడు.

1704లో ప్రచురించిన దృశాశాస్త్ర గ్రంథంలో ఆయన ఈ విషయం చర్చించాడు. ఇసుకతో గాని, తగరపు భస్మంతో గాని రుద్దినప్పుడు గాజు నిజంగా నునుపు కాదనీ, పొడిరేణువులు ఎంత చిన్నవైనా అవి గాజును గీరడం తప్ప మరొకటి చేయలేవనీ ఆయన అభిప్రాయం. ముందు పెద్ద గీతలు, వాటి స్థానంలో చిన్న గీతలు, చివరకు కంటికి అందనంత చిన్న గీతలు. మెరుగు అనగా గీతలు లేకపోవడం కాదు, గీతలు కనిపించకపోవడం. ఈ సమాధానం ఎంత సులభమైనదో అంత లోతైనది. కాని తరువాతి కాలంలో పలువురికి ఇది తృప్తి నీయలేదు.

చేతి నుంచి యంత్రానికి

న్యూటన్ తరువాత మెరుగు పని దూరదర్శిని నిర్మాతల చేతిలో పెరిగింది. 1781 మార్చి 13న యురేనస్ గ్రహాన్ని కనుగొన్న విలియం హెర్షెల్ వృత్తిరీత్యా సంగీత విద్వాంసుడు. అతడు ఇంగ్లండులోని బాత్ పట్టణంలో తన ఇంటనే అద్దాలు తయారుచేసేవాడు. ఒక అద్దానికి తుది మెరుగు పెడుతూ అతడు 16 గంటలపాటు దాని మీద నుంచి చేయి తీయలేదనీ, అట్టి సమయాలలో తానే అన్నం ముద్దలు అతని నోటికి అందించవలసి వచ్చేదనీ అతని చెల్లెలు కెరొలీన్ తన జ్ఞాపకాలలో వ్రాసింది. 1789లో పూర్తయిన 40 అడుగుల దూరదర్శినికి 4 అడుగుల వ్యాసంగల అద్దం కావలసివచ్చింది. అంతటి అద్దాన్ని ఒక మనిషి చేతులతో రుద్దడం సాధ్యం కాదు. ముందు అనేకమంది కూలీలను నియమించి, తరువాత హెర్షెల్ యంత్రాన్ని ఆశ్రయించాడు.

ఐర్లండులోని బర్ కోటలో లార్డ్ రాస్ ఈ పనిని మరొక మెట్టు పైకి తెచ్చాడు. 1845లో పనిలోకి వచ్చిన ఆయన దూరదర్శిని అద్దం వ్యాసం 6 అడుగులు. దాని మెరుగుకు ఆయన ఆవిరి యంత్రాన్ని వాడాడు. ఈ యంత్రంలో రెండు విశేషాలున్నాయి. మొదటిది, అద్దాన్ని నీటి తొట్టిలో ఉంచడం. రాపిడి వలన పుట్టే వేడిమి అద్దం ఆకారాన్ని చెడగొడుతుంది గనుక నీరు దాని ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచుతుంది. రెండవది, కేంద్రం తప్పించి బిగించిన చక్రాలతో ఒత్తును అటూ ఇటూ నడుపుతూ, అదే సమయంలో అద్దాన్ని కూడ మెల్లగా తిప్పడం. దీని వలన ఒత్తు వెళ్ళిన దారినే మరల మరల వెళ్ళదు. ఒకే దారిలో పదేపదే రుద్దితే అక్కడ గాడి పడుతుంది.

వేడిమి ఒకటి, ఒకే దారిని పునరావృత్తి కావడం ఒకటి. యంత్రంతో మెరుగు పెట్టేవారికి ఈ రెండూ శత్రువులని 19వ శతాబ్దంలోనే తేలిపోయింది. ఇంటి వద్ద కారుకు పాలిష్ పెట్టేవానికి నేటికీ ఈ రెండే శత్రువులు.

అరిగినదా, ప్రవహించినదా?

20వ శతాబ్దపు ప్రారంభంలో న్యూటన్ సమాధానానికి గట్టి పోటీ వచ్చింది. స్కాట్లండు రసాయనశాస్త్రజ్ఞుడు జార్జి బీల్‌బీ లోహాల మెరుగుపెట్టిన తలాలను సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. గీతలన్నీ పోయి అద్దంవలె ఉన్న తలాన్ని ఆమ్లంతో కొద్దిగా కరగించగా, పోయినవనుకొన్న గీతలు మరల ప్రత్యక్షమైనవి! గీతలు అరిగిపోలేదనీ, రాపిడికి పైపొర ద్రవంవలె ప్రవహించి వాటిని కప్పిందనీ ఆయన ఊహించాడు. 1921లో వెలువడిన గ్రంథంలో ఆయన ఈ వాదాన్ని విపులంగా వివరించాడు. ఆ పైపొరకు బీల్‌బీ పొర అనే పేరే స్థిరపడింది.

1937లో కేంబ్రిడ్జిలో ఎఫ్. పి. బౌడన్, టి. పి. హ్యూస్ అనే పరిశోధకులు దీనికి బలం చేకూర్చే ప్రయోగాలు ప్రకటించారు. మనకు పూజలలో పరిచితమైన కర్పూరంతో వారు లోహాలను రుద్దిచూశారు. కర్పూరం సుమారు 178 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. సుమారు 70 డిగ్రీలకే కరిగే ఉడ్ మిశ్రలోహానికి అది మెరుగు పెట్టగలిగింది. 232 డిగ్రీల వద్ద కరిగే తగరానికి పెట్టలేకపోయింది. ఇంకొకవంక, మెత్తని జింక్ ఆక్సైడు తనకంటె ఎంతో గట్టిదైన స్ఫటికానికి మెరుగు పెట్టింది. కనుక మెరుగు పెట్టడంలో కాఠిన్యంకంటె ద్రవీభవన స్థానం ముఖ్యమని వారు వాదించారు. రాపిడిలో స్పర్శ బిందువుల వద్ద క్షణకాలం పుట్టే తీవ్రమైన వేడిమే తలాన్ని కరగించి నునుపు చేస్తుందన్నమాట.

వాదం ఆకర్షణీయమైనది. కాని అది అంతటా నిలువలేదు. 1950వ దశకం నుంచి ఆస్ట్రేలియా లోహశాస్త్రజ్ఞుడు లెనార్డ్ శామ్యూల్స్ మెరుగుపెట్టిన లోహాలను జాగ్రత్తగా పరీక్షించి, అతి సూక్ష్మమైన రేణువులు కూడ వడ్రంగి చిత్రికవలె సన్నని పొట్టును లేపుతూ పోతాయని చూపాడు. మరి ఆమ్లంలో గీతలు తిరిగి కనిపించడానికి కారణమేమి? గీత పడినప్పుడు దాని అడుగున ఉన్న లోహం కూడ నలిగి ఉంటుంది. గీత అరిగిపోయినా ఆ నలిగిన భాగం మిగులుతుంది. నలిగిన లోహాన్ని ఆమ్లం త్వరగా తింటుంది గనుక ఆ చోట మరల గీత ఏర్పడుతుంది. కప్పివేసిన పొర అక్కరలేకుండానే బీల్‌బీ చూసినదానికి అర్థం దొరికింది.

అన్ని పదార్థాల మెరుగుకు ఒకే సూత్రం చాలదు. గాజు విషయంలో నీరు, పొడి కలిసి జరిపే రసాయన చర్యకు కూడ పాత్ర ఉన్నది. అయినా రేణువులతో రుద్ది మెరుగు పెట్టే చోట పదార్థం తరుగుతుందన్న న్యూటన్ మాటయే మొత్తం మీద గెలిచింది. మెరుగు అంటే చేర్చడం కాదు, తీసివేయడం.

కురువిందం ఇచ్చిన పేరు

తీసివేయడానికి గట్టి రేణువులు కావాలి. ఈ విషయంలో మన దేశానికి పురాతనమైన సంబంధం ఉన్నది. రత్నాలకు సానపట్టేవారు కురువిందపు పొడిని లక్కతో కలిపి సానచక్రాలు చేసుకొనేవారు. 18వ శతాబ్దపు చివరలో భారతదేశం నుంచి ఈ రాయి ఇంగ్లండు చేరగా, 1798లో చార్లెస్ గ్రెవిల్ రాయల్ సొసైటీ పత్రికలో దీనిని గురించి వ్యాసం ప్రకటించాడు. మన కురువిందమే ఆంగ్లంలో కొరండం అయినది. రసాయనికంగా ఇది అల్యూమినియం ఆక్సైడు. మోహ్స్ కాఠిన్యపు కొలతలో వజ్రానిది 10, దీనిది 9. కెంపు, నీలం కూడ ఈ పదార్థమే.

1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ బంకమన్ను, కోక్ బొగ్గు కలిపి విద్యుత్తుతో తీవ్రంగా వేడిచేసి మెరిసే గట్టి స్ఫటికాలను పొందాడు. అవి కార్బన్, కొరండం కలిసి ఏర్పడినవని భ్రమించి కార్బొరండం అని పేరు పెట్టాడు. నిజానికి అది సిలికాన్ కార్బైడు. అందులో కొరండం లేదు. అయినా పేరు నిలిచిపోయింది. ఈనాడు కారు రంగును అరగదీసే నీటి కాగితం మీద ఉండేది చాలవరకు సిలికాన్ కార్బైడు. పాలిష్ ముద్దలో ఉండేది ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడు, అనగా మన కురువిందపు ద్రవ్యమే.

కారుకు మెరుగు వచ్చిన విధము

తొలినాటి మోటారు కార్లకు గుర్రపు బండ్లకు వేసినట్లే నూనె వార్నిష్‌ను కుంచెతో పూతమీద పూతగా వేసేవారు. ఒక్కొక్క పూత ఆరడానికి రోజులు, మొత్తం కారుకు వారాలు పట్టేది. కారు విడిభాగాలు గంటల మీద తయారవుతూ ఉంటే, రంగు ఆరవలసిన కార్లతో గిడ్డంగులు నిండిపోయేవి. 1914 నుంచి 1925 వరకు ఫోర్డ్ మోడల్ టి కారు నలుపు రంగులో మాత్రమే దొరికేది.

ఈ చిక్కును విడదీసినది సినిమా ఫిల్ముకు వాడే పదార్థం. 1920లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో, సోడియం అసిటేటు కలిసిన నైట్రోసెల్యులోజ్ ద్రావణం నిలవలో ఎంతో పలచబడినట్లు గమనించారు. పలచని ద్రావణంలో ఎక్కువ రంగు పొడిని కలపవచ్చును, తుపాకి వంటి సాధనంతో చిమ్మవచ్చును. ఈ విధంగా పుట్టిన డ్యూకో రంగును జనరల్ మోటార్స్ 1924 నమూనా ఓక్లాండ్ కార్లకు వేసింది. వారాల పని గంటలలోకి తగ్గింది. మన దేశంలో ఈ పేరు ఎంతగా పాతుకొన్నదంటే, వేరొక సంస్థ రంగును చిమ్మినా డ్యూకో కొట్టించామని చెప్పడం అలవాటయింది.

డ్యూకోకు ఒక లోపం ఉన్నది. ద్రావకం చప్పున ఆవిరైపోగా తలం నారింజతొక్కవలె గరుకుగా ఆరిపోతుంది. మెరుపు దానంతట అది రాదు. నీటి కాగితంతో అరగదీసి, తరువాత రాపిడి ముద్దతో రుద్ది తెప్పించాలి. అందుచేత దూరదర్శిని నిర్మాతల విద్య కారు కర్మాగారానికి, అక్కడి నుంచి మరమ్మతు షెడ్డుకు వచ్చింది. గొర్రె ఉన్ని బిళ్ళ తొడిగి ఒకే ఇరుసు మీద గిరగిర తిరిగే యంత్రం ఆ షెడ్డులో ముఖ్యమైన పనిముట్టయింది. ఆ నాటి రంగుపూత అడుగు నుంచి పై వరకు ఒకే రంగు గనుక, పైన వెలిసిన పొర పోతే లోపల తాజా రంగు బయటపడేది. రుద్దిన గుడ్డకు కారు రంగు అంటుకొనేది. ఎంత పోతున్నదో గుడ్డయే చెప్పేది.

గాజువంటి పైపొర

1970వ దశకం తరువాత, ముఖ్యంగా 1980వ దశకంలో, కారు పూత నిర్మాణమే మారింది. రేకు మీద తుప్పు నిరోధించే పూత, దాని మీద అస్తరు, ఆ పైన పలచని రంగుపొర, అన్నింటికీ పైన రంగులేని పారదర్శకమైన పొర వేయడం సామాన్యమైనది. ఈ పారదర్శక పొర మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందంకంటె తక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డగించి కింది రంగును కాపాడే ద్రవ్యాలు ఇందులోనే ఉంటాయి.

పొదుపు అవసరం ఇక్కడనే వచ్చింది. గీత మాయం కావాలంటే దాని అడుగు మట్టం దాకా చుట్టూ ఉన్న పొరను దించవలసి ఉంటుంది. పొర మందం 40 మైక్రాన్లనీ, ఒక పాలిష్‌లో 3 మైక్రాన్లు పోతాయనీ అనుకొందాము. నాలుగు పాలిష్‌లకు 12 మైక్రాన్లు, అనగా పదింట మూడు వంతులు ఖర్చు. పోయిన పొర పారదర్శకమైనది గనుక గుడ్డకు రంగు అంటదు, హెచ్చరిక కనిపించదు. పైగా కారు ఆ రోజున ఎన్నడూ లేనంత అందంగా మెరుస్తుంది. నష్టం కొన్ని ఎండాకాలాల తరువాత, పైకప్పు మీద తెల్లని మచ్చలుగా, పొలుసులుగా బయటపడుతుంది. అప్పుడు ఏ పాలిష్‌కూ అది లొంగదు; తిరిగి రంగు వేయించడమే గతి.

నేర్చుకొనేవారికి చరిత్ర చెప్పే పాఠం

ఈ చరిత్ర తెలిసినవానికి పని పద్ధతి దానంతట అదే బోధపడుతుంది. ముందు కారును బాగా కడగాలి. మట్టిరేణువు మిగిలితే యంత్రం కింద అదే రాపిడి పొడిగా పనిచేస్తుంది. పాత రేకు ఒకటి సంపాదించి దాని మీద చేయి కుదుర్చుకోవడం మంచిది. కారు మీద ముందుగా అడుగు చదరమంత చోట, అన్నింటికంటె మెత్తని బిళ్ళతోను, సన్నని పాలిష్‌తోను ప్రయత్నించాలి. అది చాలకపోతేనే ముతకదానికి పోవాలి. ముతకది వాడితే దాని గీతలను సన్నని పాలిష్‌తో తీయాలి. పెద్ద గీత స్థానంలో చిన్న గీత అన్న న్యూటన్ క్రమమే ఇది.

యంత్రాలు రెండు రకాలు. ఒకే ఇరుసు మీద తిరిగే పాత రకం త్వరగా కోస్తుంది, కాని ఒకే చోట నిలిపితే రంగును కాల్చివేస్తుంది. రెండవ రకంలో బిళ్ళ కొద్ది మిల్లీమీటర్లు కేంద్రం తప్పిన కక్ష్యలో ఊగుతూ, స్వేచ్ఛగా తన చుట్టూ తాను కూడ తిరుగుతుంది. దారి పునరావృత్తి కాదు, వేడి ఒకచోట పోగుపడదు. లార్డ్ రాస్ యంత్రంలోని ఉపాయమే అరచేతి పరిమాణానికి దిగినట్లయింది. కొత్తవారికి ఇదే క్షేమకరం. అయినా రేకు అంచుల వద్ద, మడతల వద్ద పొర పలచగా ఉంటుంది. బిళ్ళ ఒత్తిడి అంతా అక్కడనే పడుతుంది. అట్టి చోట్లకు కాగితపు టేపు అంటించడం మేలు.

పని ముగిసిన తరువాత మోసపోకుండా చూసుకోవాలి. కొన్ని పాలిష్‌లలోని నూనెలు, మైనం గీతలను తీయకుండా పూడ్చివేస్తాయి. నీరు కలిపిన ఆల్కహాలుతో తుడిస్తే నూనె పోయి, మిగిలిన గీతలు బయటపడతాయి. బీల్‌బీ ఊహించిన కప్పివేత లోహంలో నిలువలేదు గాని, పాలిష్ సీసాలో మాత్రం ఉన్నది!

పూత మందాన్ని కొలిచే పరికరాలు దొరుకుతాయి. కాని సామాన్యమైనవి రేకు నుంచి పై వరకు మొత్తం మందాన్ని మాత్రమే చూపుతాయి. అందులో పారదర్శక పొర వాటా ఎంతో చెప్పవు. ప్లాస్టిక్ బంపరు మీద అవి పనిచేయవు. కనుక ముందు, వెనుక కొలతలు వ్రాసుకొని, ఎంత పోయినదో లెక్క కట్టుకోవాలి. గోటికి తగిలే గీత సాధారణంగా పాలిష్‌తో పూర్తిగా తీయదగినది కాదు. దాని అంచులను కొద్దిగా మెత్తబరచి, కంటికి కొట్టవచ్చినట్లు కనిపించకుండా చేసి అక్కడితో ఆపాలి. ఆ మిగిలిన గీత కింద, రాబోయే ఎండాకాలాలకు కావలసిన పొర భద్రంగా ఉంటుంది.